సేవకు వచ్చినవారిని వివరాలు అడగవచ్చునా?



వేసవి సెలవులకు ముందు పేటల ఫుట్‌బాల్ జట్ల నిర్వాహకులు, పిల్లల తల్లిదండ్రులు ఒకచోట కూడిన ఈ సభలో నన్ను మాట్లాడమన్నారు. నేను ఆటగాణ్ణి కాను, శిక్షకుణ్ణీ కాను. పురపాలక పత్రాలను తెలుగు చేయడం నా పని. మైదానం వాడుకకై పెట్టుకొనే దరఖాస్తును ఈమధ్య తెలుగులోకి తెస్తూ ఒక మాట దగ్గర చాలాసేపు ఆగిపోయాను. ఆ మాట 'వాలంటీరు'.

మనం దానిని 'స్వచ్ఛంద సేవకుడు' అంటాము. ఇందులో 'సేవ' అన్న పదం చేరగానే మన మనస్సులో ఒక భక్తిభావం కలుగుతుంది. జీతానికి చేరినవానిని "ఇదివరకు ఎక్కడ పనిచేశావు, ఎందుకు మానుకున్నావు" అని అడగడానికి మనకు జంకు లేదు. సేవకు వచ్చినవానిని అలా అడగడం అపచారమనిపిస్తుంది. తెల్లవారకముందే మైదానానికి వచ్చి, సొంత సొమ్ముతో బంతులు కొని, మన పిల్లలకు ఆట నేర్పే మనిషిని పోలీసు ధ్రువపత్రం తెమ్మని ఏ నోటితో అడుగుతాము? ఈనాడు నేను చెప్పదలచినదంతా ఈ సంకోచాన్ని గురించే.

మన బెంగుళూరులో ఫుట్‌బాల్ పెద్ద క్లబ్బుల ఆట మాత్రమే కాదు. గౌతమపురంవంటి పేటలో పెలే విగ్రహాన్ని నిలుపుకొన్న నగరమిది. ఇటువంటి పేటల్లో జట్లను నడిపేది ఉద్యోగులు కారు. పక్కవీధి అన్నలు, ఒకప్పటి ఆటగాళ్లు, పనివేళల తరువాత వచ్చే మేనమామలు. వారిలో అత్యధికులు నిజంగా మంచివారు. అందువల్లనే అడగడం మరింత కష్టం.

చట్టం ఏమంటున్నదో చూద్దాము. లైంగిక నేరాల నుండి పిల్లలను రక్షించే పోక్సో చట్టం 2012లో వచ్చింది. పద్దెనిమిదేళ్లలోపు ఆడపిల్లలకూ మగపిల్లలకూ అది సమానంగా వర్తిస్తుంది. దాని కింద 2020లో వచ్చిన నియమాలలో మూడవది, పిల్లలతో తరచూ సంబంధముండే సంస్థలన్నీ తమ సిబ్బంది పూర్వాపరాలను నిర్ణీత కాలాలలో పోలీసుల ద్వారా విచారింపజేయాలని శాసిస్తున్నది. బడులతోపాటు క్రీడా అకాడమీలను కూడా పేరెత్తి చెప్పింది. కాని అనువాదకుని కంటితో చదివితే ఆ వాక్యం సిబ్బంది, ఉద్యోగి అన్న మాటల చుట్టూనే తిరుగుతున్నది. జీతం లేని మనిషిని ప్రత్యేకంగా పేర్కొనలేదు. శిక్షల విషయంలో మాత్రం చట్టానికి ఆ తేడా లేదు: బిడ్డ తనపై విశ్వాసముంచిన స్థానంలో ఉండి నేరం చేసినవాడు జీతగాడైనా కాకపోయినా అది తీవ్రతరమైన నేరమే. అంటే కీడు జరిగిన తరువాత చట్టం అతనిని గుర్తిస్తుంది. జరగకముందు గుర్తించవలసిన బాధ్యత జట్టు నడిపే మనమీద పడుతున్నది.

ఈ విషయంలో ఇంగ్లండు అనుభవం మనకు ఉపయోగిస్తుంది. 2016 నవంబరులో ఆండీ వుడ్‌వర్డ్ అనే మాజీ ఆటగాడు, బాల్యంలో తన శిక్షకుడు తనపై చేసిన అత్యాచారాలను పత్రికాముఖంగా వెల్లడించాడు. అటుపిమ్మట ఎందరో మాజీ ఆటగాళ్లు నోరు విప్పారు. 1970 మొదలు 2005 వరకు జరిగినదానిపై విచారణ సాగి, 2021లో షెల్డన్ నివేదిక వెలువడింది. ఆ శిక్షకుడు ఎవరూ ఎరుగని ఆగంతకుడు కాడు. బాలప్రతిభను పసిగట్టడంలో దిట్ట అని పేరు పొందినవాడు. పిల్లలు అతని ఇంట్లో రాత్రులు బస చేసేవారు. ఆ పేరే అతనికి కవచమైంది.

ఇక పోలీసు ధ్రువపత్రం సంగతి. దానిని తప్పక అడగండి. అయితే అది చెప్పేది ఒక్కటే: ఆ మనిషిపై నమోదైన కేసు పోలీసుల దస్త్రాలలో కనబడిందా లేదా అని. ఎవరూ ఫిర్యాదు చేయనివాని పత్రం నిష్కళంకంగానే వస్తుంది. అందుచేత పత్రంకన్నా నేను ఎక్కువ విలువనిచ్చేది ఒక ఫోను సంభాషణకు. ఆయన ఇదివరకు నేర్పిన జట్టువారిని పిలిచి, "మళ్లీ వస్తానంటే మీరు ఆయనను తీసుకుంటారా?" అని అడగండి. అవతలివారు తడబడితే ఆ తడబాటును కూడా రాసుకోండి. ఆధార్ నకలు పుచ్చుకొని ఫైలులో పెట్టడం విచారణ కాదు. అది కాగితం కూడబెట్టడం.

అందరినీ అడిగితే ఎవరికీ అవమానం కాదు. చిక్కంతా కొందరినే అడగడంలో ఉన్నది. జట్టు అధ్యక్షుడు, ఆయన బావమరిది, ఊరికి పెద్దయిన మాజీ ఆటగాడు ముందుగా తమ పత్రాలు ఇస్తే, కొత్తగా వచ్చిన కుర్రవాడు నొచ్చుకోడు. నొచ్చుకొని వెళ్లిపోయేవారు ఉంటే వెళ్లనివ్వండి.

విచారణ ముగిసిన తరువాత కూడా మైదానంలో కొన్ని కట్టుబాట్లు అవసరం. ఒక పెద్ద, ఒక బిడ్డ తలుపు మూసిన గదిలో ఉండరాదు. పొరుగూరి పోటీలకు కనీసం ఇద్దరు పెద్దలు వెళ్లాలి. ఆడపిల్లలున్నప్పుడు వారిలో ఒకరు స్త్రీ కావాలి. శిక్షకుడు బిడ్డ ఫోనుకు విడిగా సందేశాలు పంపరాదు, తల్లిదండ్రులున్న గుంపులోనే పంపాలి. కాలు బెణికితే మర్దన నలుగురి ఎదుట జరగాలి. ఇవి మంచి శిక్షకుని కూడా నిందల నుండి కాపాడుతాయి.

అనుమానం కలిగినప్పుడు ఏమి చేయాలి? "పరువు పోతుంది, పెద్దల్లో తేల్చుకుందాం" అనడం మన అలవాటు. పోక్సో 19వ సెక్షను ప్రకారం నేరం జరిగిందనో, జరగవచ్చుననో తెలిసినవారు స్థానిక పోలీసులకు గాని, బాలల ప్రత్యేక పోలీసు విభాగానికి గాని తెలియజేయాలి. జట్టు అధ్యక్షునికి చెవిలో చెప్పినంత మాత్రాన ఆ బాధ్యత తీరదు. తన కింది మనిషి చేసిన నేరాన్ని దాచిన సంస్థాధిపతికి ఏడాదివరకు జైలుశిక్ష పడవచ్చు. సద్బుద్ధితో సమాచారమిచ్చినవారిపై మాత్రం ఏ కేసూ నిలవదని ఆ సెక్షనే హామీ ఇస్తున్నది. సలహాకూ సాయానికీ 1098కి ఏ వేళనైనా ఫోను చేయవచ్చు.

తెలుగువారిగా మనకు తెలియవలసిన అంశం ఆ సెక్షనులోనే మరొకటి ఉన్నది. రాసుకొన్న భాష బిడ్డకు అర్థం కాకపోతే, అర్హతగల అనువాదకుని ఏర్పాటు చేయాలి. మన పిల్లలు బడిలో కన్నడం, ఆంగ్లం చదువుతారు. కాని భయం కలిగినప్పుడు, సిగ్గు కలిగినప్పుడు ఇంటి భాషే వస్తుంది. "ఆ సారు నాకొద్దు", "ఇంక నేను ఆటకు పోను", అంతే అంటారు. ఆ మాటను ఎవరు తిప్పి చెబుతారన్నది చిన్న విషయం కాదు. జట్టుకు చెందినవారిని, బంధువులను దుబాసీగా కూర్చోబెట్టకండి. అనువాదకుని కోరడం మీ హక్కు. పోలీసులు యూనిఫారంలో రాకూడదు. బిడ్డ కోరిన చోటనే, సాధ్యమైనంతవరకు మహిళా అధికారి చేత వాంగ్మూలం రాయించాలి.

నా చిన్నతనంలో మాతో ఆడే ఒక బాలుడు ఒకనాటి నుండి రావడం మానేశాడు. చురుకైన గోల్‌కీపరు. వారం రోజుల్లో మరొకడు ఆ చోట నిలబడ్డాడు. వాడెందుకు మానేశాడని మేమెవ్వరమూ అడగలేదు, మా పెద్దలూ అడగలేదు. దానికి కారణం చెడ్డదే అయి ఉంటుందని నేననను. పరీక్షలో, ఊరు మారడమో కావచ్చు. ఈ దరఖాస్తు తెలుగు చేస్తున్నప్పుడు మాత్రం వాడు చాలాసార్లు గుర్తుకు వచ్చాడు.

చివరకు నేను ఆ గడిలో 'స్వచ్ఛంద సేవకుడు' అని రాయలేదు. 'జీతం లేకుండా పిల్లలతో పనిచేసేవారు' అని రాశాను. మాట కొంచెం పొడుగే. చదివినవారికి సందేహం ఉండదు. ప్రతులు ఆ బల్లమీద ఉన్నాయి. రెండవ పుటలోని గడులు నింపడంలో ఇబ్బంది ఉన్నవారికి సభ ముగిశాక నేను దగ్గరుండి సాయం చేస్తాను.