హెడ్‌ల్యాంప్ కొనే ముందు ఈ ఒక్క లెక్క వేసుకోండి

 

చలికాలం వస్తే చాలు, కామెంట్స్‌లో ఒకటే ప్రశ్న. "బ్రో, కేదార్‌కంఠ వెళ్తున్నాం, ఏ హెడ్‌ల్యాంప్ కొనాలి?" మోడల్ పేరు చెప్పేసి ఊరుకోవచ్చు. కానీ ముందు నేను చేసిన తప్పు వినండి.

నా మొదటి హిమాలయన్ ట్రెక్ కూడా కేదార్‌కంఠే. ఉత్తరాఖండ్‌లో ఉంది, ఎత్తు సుమారు 12,500 అడుగులు. సూర్యోదయానికి పైన ఉండాలంటే చీకట్లోనే, తెల్లవారుజామున రెండు మూడు గంటలకే బయల్దేరాలి. నేనేం చేశానంటే, ఆన్‌లైన్‌లో 399 రూపాయలకి "10,000 లూమెన్స్" అని రాసున్న హెడ్‌ల్యాంప్ కొన్నా. ఇంట్లో లైట్లన్నీ ఆపి ఆన్ చేస్తే గోడంతా తెల్లగా మెరిసిపోయింది. సూపర్ అనుకున్నా.

మంచులో నడక మొదలై గంట కూడా కాలేదు, లైట్ మసకబారి ఆరిపోయింది. ఫోన్ తీస్తే చలికి అది కూడా స్విచ్ఛాఫ్. మా ఫ్రెండ్ "రేయ్, నా వెనకాలే రా" అన్నాడు. నాలుగడుగులకోసారి వెనక్కి తిరిగి నాకు వెలుగు చూపిస్తూ నడిచాడు. అలా తిరిగినప్పుడే వాడి కాలు జారి బెణికింది. గైడ్ ఇద్దరినీ క్యాంప్‌కి దింపేశాడు. వాడు నన్ను ఒక్క మాట కూడా అనలేదు. తిట్టినా బాగుండేది అనిపించింది.

ఇంటికొచ్చాక కూర్చుని లెక్క వేశా. బీటెక్‌లో చదివిందే, కొనేటప్పుడు మాత్రం గుర్తు రాలేదు.

హెడ్‌ల్యాంప్‌లో ఉండే ఎల్ఈడీ ఒక వాట్ కరెంట్‌కి సుమారు 100 లూమెన్స్ ఇస్తుంది అనుకుందాం. అంటే 10,000 లూమెన్స్‌కి 100 వాట్లు కావాలి. పాత రోజుల్లో ఇంట్లో వేలాడే 100 వాట్ల బల్బు తాకితే చెయ్యి కాలేది కదా, అన్ని వాట్లు నుదుటి మీద పెట్టుకుంటామా? అంత చిన్న బ్యాటరీతో అది జరిగే పని కాదు.

ఇప్పుడు నిజమైన లైట్ సంగతి చూద్దాం. చిన్న హెడ్‌ల్యాంప్‌లో 600 ఎంఏహెచ్ బ్యాటరీ ఉందనుకోండి. దాన్ని 3.7 వోల్టులతో గుణిస్తే సుమారు 2.2 వాట్-అవర్స్. అంటే 200 లూమెన్స్‌లో పెడితే గంట, 100లో పెడితే రెండు గంటలు, 20లో పెడితే 11 గంటలు. బాక్స్ మీద ఇంతకంటే చాలా ఎక్కువ రాసుంటే అనుమానించండి.

ఇక్కడ ఇంకో ట్విస్ట్ ఉంది. మంచి కంపెనీలు ఆన్సీ ఎఫ్ఎల్ 1 అనే స్టాండర్డ్ ప్రకారం టైమ్ రాస్తాయి. ఆ స్టాండర్డ్‌లో, వెలుగు మొదట్లో ఉన్నదానిలో 10 శాతానికి పడిపోయే వరకు టైమ్ లెక్కేస్తారు. అంటే 200 లూమెన్స్ అని మొదలైన లైట్ చివర్లో 20 ఇస్తున్నా ఆ టైమ్ కూడా లెక్కలోనే ఉంటుంది. అందుకే "ఎన్ని లూమెన్స్?" అని ఆగిపోకండి. "నాకు కావాల్సిన వెలుగులో ఎన్ని గంటలు?" అని అడగండి.

మరి ఎంత వెలుగు కావాలి? టెంట్‌లో బ్యాగ్ సర్దుకోవడానికి, వంటకి 5 నుంచి 20 లూమెన్స్ చాలు. కాలిబాటలో నడకకి 100 దగ్గర బాగుంటుంది. రాళ్ళు, చెట్ల వేర్లు ఉన్న దారిలో పరుగెత్తాలంటే 200 అయినా ఉండాలి. గంటకి 10 కిలోమీటర్ల స్పీడ్ అంటే సెకనుకి దాదాపు మూడు మీటర్లు. పది మీటర్లే కనిపిస్తే, రాయిని చూసి తప్పుకోవడానికి మూడు సెకన్లకి కాస్త ఎక్కువ, అంతే.

బరువు విషయానికొస్తే, పెట్జెల్ బిండి 35 గ్రాములు. నైట్‌కోర్ ఎన్‌యూ25 పాత మోడల్ పట్టీ లేకుండా 28 గ్రాములు. ఇలాంటివి రన్నింగ్‌లో నుదుటి మీద ఎగరవు, ఉన్నట్టే అనిపించదు. కానీ బ్యాటరీ చిన్నది. రోజుల తరబడి నడిచే ట్రెక్‌కి వెళ్తే పవర్ బ్యాంక్ తప్పనిసరి. లేదంటే ట్రిపుల్ ఏ సెల్స్‌తో నడిచేది తీసుకోండి. మంచులోకైతే మామూలు ఆల్కలైన్ సెల్స్ వద్దు, లిథియం సెల్స్ చలిని బాగా తట్టుకుంటాయి. ఛార్జింగ్ లైట్ అయితే బయల్దేరే వరకు జాకెట్ లోపలి జేబులో, రాత్రి స్లీపింగ్ బ్యాగ్‌లో పెట్టుకోండి.

ఇంకో మూడు చూడండి. వాన చినుకులకి ఐపీఎక్స్ 4 రేటింగ్ చాలు. బ్యాగ్‌లో దానంతటదే ఆన్ అవ్వకుండా లాక్ ఉండాలి. ఎర్ర లైట్ ఉంటే మంచిది, చీకటికి అలవాటైన కళ్ళు చెదరవు, టెంట్‌లో పక్కవాళ్ళ నిద్రా చెడదు. ఎవరితోనైనా మాట్లాడేటప్పుడు మాత్రం లైట్ కిందకి వంచండి బాబూ, మొహం మీద కొట్టకండి.

రోడ్డు మీద రాత్రి పరుగెత్తేవాళ్ళు ఎదురుగా వచ్చే వాహనాలు కనిపించేలా కుడివైపు పరుగెత్తండి. వెనకాల ఒక చిన్న ఎర్ర లైట్ తగిలించుకోండి.

చివరగా ఒక్క పని. కొన్నాక ఫుల్ ఛార్జ్ చేసి, మీరు వాడబోయే మోడ్‌లో ఆన్ చేసి, ఎంతసేపు వెలిగిందో ఫోన్‌లో నోట్ చేసుకోండి. రిటర్న్ గడువు అయిపోకముందే చేయండి. నేను ఈ ఒక్క టెస్ట్ చేసుంటే వాడి కాలు బెణికేది కాదు.

ఈ డిసెంబర్‌లో మేమిద్దరం మళ్ళీ కేదార్‌కంఠ వెళ్తున్నాం. టెస్ట్ చేసిన లైట్, దాంతోపాటు ఒక స్పేర్ బ్యాగ్‌లో ఉన్నాయి. ఈసారి ముందు నేను నడుస్తా.

మీ ట్రిప్ ఎక్కడికో, ఎన్ని రాత్రులో కామెంట్‌లో రాయండి, లెక్క కలిసి వేద్దాం. ఉంటా మరి, బై.