ఒకే బకెట్లో రెండు సీసాలు వద్దు

(శుక్రవారం జహ్రాలో మన సంఘం కూడికలో చేసిన ప్రసంగం ఇది. సెలవు దొరక్క రాలేకపోయినవాళ్ల కోసం రాసి పెడుతున్నాం. చదువు రాని అక్కలకు పక్కనున్నవాళ్లు చదివి వినిపించండి, లేకపోతే వాయిస్ చేసి పంపండి.)



ఈ వారం జీతాల గురించి మాట్లాడను, ఇఖామా గురించీ మాట్లాడను. మీరు రోజూ చేత్తో పట్టుకునే సీసాల గురించి మాట్లాడతాను. కడప, రాయచోటి, రాజంపేట వైపు నుంచి వచ్చినా, కోనసీమ, నర్సాపురం వైపు నుంచి వచ్చినా, మన ఆడవాళ్లలో ఎక్కువమంది ఇక్కడ చేసేది ఇంటిపనే. మగవాళ్లలో కూడా బిల్డింగ్ హారిస్‌లు, కంపెనీ క్లీనర్లు చాలామంది ఉన్నారు. పొద్దున లేస్తే హమ్మాంలు కడగాలి, మత్బఖ్ తుడవాలి, గుబార్ వచ్చిన రోజైతే ఇల్లంతా రెండుసార్లు తుడవాలి. ఈ పనిలో మన చేతులకు, కళ్లకు, ఊపిరితిత్తులకు ఏమవుతోందో ఒకసారి ఆగి చూసుకోవాలి.

మొదట అన్నిటికంటే ముఖ్యమైన మాట చెప్తాను. మిగతాదంతా మరిచిపోయినా ఇది మాత్రం మరిచిపోవద్దు: క్లోరాక్స్‌ను ఇంకే మందుతోనూ కలపొద్దు.

మనం క్లోరాక్స్ అని పిలిచేది ఏ కంపెనీదైనా సరే, అందులో ఉండేది సోడియం హైపోక్లోరైట్. టాయిలెట్ గార వదిలించే సీసాల్లో చాలావాటిలో హైడ్రోక్లోరిక్ యాసిడ్ ఉంటుంది. రెండూ కలిపితే రెట్టింపు తెల్లగా అవుతుందని అనుకుంటాం. తెల్లగా అవ్వడం అటుంచి, క్లోరిన్ గ్యాస్ పుడుతుంది. మొదటి ప్రపంచ యుద్ధంలో, 1915 ఏప్రిల్ 22న, బెల్జియంలోని ఈప్ర్ ఊరి దగ్గర జర్మన్ సైన్యం ఎదుటివాళ్ల మీదికి వదిలిన విషవాయువు ఇదే. అక్కడ టన్నుల లెక్క, మన దగ్గర మూతల లెక్క, అంతే తేడా. కానీ అది మైదానం, మనది తలుపేసిన హమ్మాం. పైగా ఈ గ్యాస్ గాలికంటే బరువు, నేలబారున ఉంటుంది. మీరు నేల రుద్దడానికి వంగినప్పుడు మీ ముక్కు ఉండేది సరిగ్గా అక్కడే.

కలపకూడనివి ఇంకా ఉన్నాయి.

- క్లోరాక్స్, వెనిగర్ లేదా నిమ్మరసం: ఇవి కూడా యాసిడ్లే. క్లోరిన్ వస్తుంది.
- క్లోరాక్స్, అమ్మోనియా: కొన్ని అద్దాలు తుడిచే మందుల్లో అమ్మోనియా ఉంటుంది. క్లోరమీన్ అనే ఘాటైన గ్యాస్ వస్తుంది.
- క్లోరాక్స్, స్పిరిట్: హానికరమైన పదార్థాలు పుడతాయి.
- క్లోరాక్స్, వేడినీళ్లు: ఘాటు త్వరగా పైకి లేస్తుంది, మందు బలమూ పోతుంది. చన్నీళ్లే వాడాలి.

సీసా మీద అరబిక్ చదవడం రాకపోతే బొమ్మ చూడండి. ఎర్రగీతల డైమండ్ లోపల చెయ్యి మీద చుక్కలు పడి కాలుతున్న బొమ్మ ఉంటే, అది చర్మాన్ని, కళ్లను కాల్చే మందు. ఏ మందునూ తాగేనీళ్ల సీసాలోకి మార్చి పెట్టొద్దు. పిల్లలు నీళ్లనుకుని తాగేస్తారు, అప్పుడు మాట మన మీదికే వస్తుంది.

ఇంత ఘాటు వాడకపోతే ఇల్లు శుభ్రం కాదేమో అని కొందరికి అనుమానం. వాసన గుప్పున వస్తేనే మేడం కడిగినట్టు ఒప్పుకుంటుందని ఇంకొందరు చెప్తారు. ఒక సంగతి వినండి. 2018లో నార్వేలోని బెర్గెన్ విశ్వవిద్యాలయం వాళ్లు ఒక అధ్యయనం బయటపెట్టారు. ఆరువేల మందికి పైగా మనుషుల ఊపిరితిత్తుల బలాన్ని 20 ఏళ్లపాటు చూశారు. శుభ్రం చేసే పనిలో ఉన్న ఆడవాళ్ల ఊపిరితిత్తులు, ఆ పని చేయనివాళ్లకంటే త్వరగా బలం తగ్గాయి. ఒక్కరోజు దగ్గుతో పోయేది కాదు ఇది. ఏళ్ల తరబడి కొంచెం కొంచెంగా జరిగే నష్టం. మనం ఇక్కడ పదేళ్లు, పదిహేనేళ్లు చేసి ఊరికి పోయాక మెట్లెక్కితే ఆయాసం వస్తుంది. దానికి ఏ కఫీలూ డబ్బు కట్టడు.

శుభ్రానికి వాసన ఉండదు. మురికి పోయిందా లేదా అన్నదే లెక్క. మనూళ్లో అమ్మమ్మలు బూడిదతో, కుంకుడు పులుసుతో, చింతపండుతో బోకులు తోమి అద్దంలా మెరిపించారు. వాటి వెనక ఉన్న సూత్రాలు మూడే. జిడ్డును సబ్బు వదిలిస్తుంది. నీళ్ల గారను పులుపు కరిగిస్తుంది. మాడును గరుకు పొడి రుద్ది తీస్తుంది. ఈ మూడూ ఇక్కడ జమియాలో, బక్కాలాలో ఫిల్సుల్లో దొరుకుతాయి: గిన్నెల సాబూన్, తెల్ల వెనిగర్ (ఇక్కడ ఖల్ అబ్యద్ అంటారు), వంటసోడా (కర్బొనాత్ అని అడగండి), ఉప్పు, నిమ్మకాయలు.

ఇప్పుడు వాడే పద్ధతులు చెప్తాను, రాసుకోండి.

రోజూ తుడిచే నీళ్లు: ఒక లీటరు గోరువెచ్చని నీళ్లలో ఒక టీస్పూన్ గిన్నెల సాబూన్. బండలు, బల్లలు, తలుపులు, స్విచ్‌బోర్డుల మీద పిండిన గుడ్డతో తుడిచి, మళ్లీ మంచినీళ్ల గుడ్డతో తుడవాలి. ఇంట్లో పనిలో ముప్పాతిక వంతు దీంతోనే అయిపోతుంది. గుబార్ రోజున పొడి చీపురు పట్టొద్దు, దుమ్మంతా లేచి మన ముక్కులోకే వస్తుంది. ముందే తడిగుడ్డ పెట్టండి.

కుళాయిలు, షవర్, గాజు తలుపులు: కువైట్‌లో కుళాయి నీళ్లు సముద్రపు నీళ్లను బట్టీ పట్టి, కొంత భూగర్భ జలం కలిపి ఇచ్చేవి. ఆరితే తెల్ల మచ్చలు పడతాయి. వెనిగర్ సగం, నీళ్లు సగం కలిపి గుడ్డ తడిపి, మచ్చ ఉన్నచోట అరగంట చుట్టి ఉంచండి. తర్వాత రుద్ది కడిగేయండి. బంగారు రంగు, నల్ల రంగు పూత ఉన్న కుళాయిలకు మాత్రం ఇది వద్దు, సబ్బునీళ్లు చాలు.

టీ కెటిల్: వెనిగర్, నీళ్లు సగం సగం పోసి మరిగించి, అరగంట వదిలి పారబోయండి. రెండుసార్లు మామూలు నీళ్లు మరిగించి పారబోస్తే పులుపు వాసన కూడా పోతుంది.

ఓవెన్, మాడిన గిన్నెలు: మూడు చెంచాల వంటసోడాకు ఒక చెంచా నీళ్లు కలిపి ముద్ద చేయండి. మాడు మీద పూసి రాత్రంతా ఉంచి, పొద్దున తడి స్పాంజితో రుద్దండి. ఓవెన్ చల్లగా ఉండాలి, వేడెక్కే కడ్డీలకు పూయొద్దు. అల్యూమినియం గిన్నెలకు సోడా వద్దు, నల్లబడతాయి.

ఫ్రిజ్: లీటరు నీళ్లలో రెండు టేబుల్ స్పూన్ల వంటసోడా. లోపల తుడిస్తే వాసన పోతుంది.

టాయిలెట్: కమోడ్‌లో గీత పడిన గార మీద రాత్రి రెండు కప్పుల వెనిగర్ పోసి వదిలేయండి. పొద్దున వంటసోడా చల్లి బ్రష్‌తో రుద్దండి. ఒక్క జాగ్రత్త: అంతకుముందు క్లోరాక్స్ పోసి ఉంటే గాని, ట్యాంకులో నీలం బిళ్ల వేసి ఉంటే గాని వెనిగర్ పోయొద్దు. కొన్ని బిళ్లల్లోనూ క్లోరిన్ మందు ఉంటుంది.

సింక్: మచ్బూస్ వండిన గిన్నెల నూనెను ముందు టిష్యూతో తుడిచి చెత్తలో వేయండి. పైపు మూసుకుపోవడానికి సగం కారణం ఆ నూనే. మూసుకుపోతే డ్రైన్ యాసిడ్ పోసేముందు రబ్బరు పంపుతో కొట్టి చూడండి.

ఇత్తడి సామాన్లు: చింతపండు, ఉప్పు. పూత వేసిన వాటికి, బంగారు నీళ్లు పట్టించిన దల్లాలకు మాత్రం వద్దు.

ఇక చేయకూడనివి. ఇవి తెలియకపోతే పని పోతుంది, జీతం కోస్తారు.

పాలరాయి మీద, అంటే మార్బుల్ మీద వెనిగర్, నిమ్మకాయ పడనివ్వొద్దు. పాలరాయి సున్నపు జాతి రాయి, పులుపు దాన్ని తినేస్తుంది. మెరుపు పోయి మరక పడితే కడిగినా రాదు. ఇక్కడ చాలా ఇళ్లల్లో దీవానియా నేల, మెట్లు మార్బుల్‌వే. వాటికి సబ్బునీళ్లు మాత్రమే. ఏ కొత్త పద్ధతైనా ముందు మూలలో చెయ్యంత మేర చూసి, ఆ తర్వాతే మిగతాదానికి వాడండి.

వీడియోల్లో వెనిగర్, వంటసోడా కలిపి బుసబుస పొంగించి చూపిస్తారు. చూడ్డానికి బావుంటుంది గానీ ఒకదాని బలాన్ని ఒకటి చంపేస్తుంది. మిగిలేది కొంచెం ఉప్పదనం ఉన్న నీళ్లు. కలిపి సీసాలో మూత బిగిస్తే గ్యాస్ పట్టి సీసా పగలొచ్చు. విడివిడిగా, ఒకదాని తర్వాత ఒకటి వాడితేనే పని జరుగుతుంది.

వెనిగర్ అన్ని క్రిములనూ చంపదు, ఇదీ నిజమే. ఇంట్లో ఎవరికైనా వాంతులు, విరేచనాలు అయినప్పుడు, పచ్చిమాంసం రక్తం పడినప్పుడు క్లోరాక్స్‌కు చోటుంది. ముందు సబ్బునీళ్లతో కడిగి, నీళ్లు పోసి, తర్వాత లీటరు చన్నీళ్లకు నాలుగు టీస్పూన్ల మామూలు క్లోరాక్స్ కలిపి తుడిచి, కనీసం ఐదు నిమిషాలు తడిగా ఉంచండి. చేతికి గ్లౌజులు, కిటికీ తెరిచి, ఇంకే మందూ దగ్గర లేకుండా చూసుకోండి. ఆ నీళ్లు ఏ రోజువి ఆ రోజే. స్ప్రే కొట్టొద్దు, గాలిలో తేలే చుక్కలు ముక్కులోకి పోతాయి. గుడ్డ మీద పోసుకుని తుడవండి.

మరి మేడంకు ఎలా చెప్పాలి? గొడవగా కాదు, ఒంటి బాధగా చెప్పండి. ఈ మాటలు నేర్చుకోండి.

"సద్రీ యఅవ్వర్నీ": నా ఛాతీ నొప్పిగా ఉంది.
"అబీ అఫ్తహ్ ద్రీషా": కిటికీ తెరుస్తాను.
"అబీ ఖల్ అబ్యద్ వ కర్బొనాత్": తెల్ల వెనిగర్, వంటసోడా కావాలి.

ఒక కుళాయి వెనిగర్‌తో మెరిపించి చూపించండి. మెరుపు చూశాక ఒప్పుకునేవాళ్లే ఎక్కువ. ఖర్చు తగ్గడం కూడా వాళ్లకు కనిపిస్తుంది. కువైట్‌లో ఇంటి పనివాళ్ల కోసం 2015లో వచ్చిన 68వ నంబరు చట్టం ఉంది. వారానికి ఒకరోజు సెలవు, రోజుకు 12 గంటలకు మించని పని అందులో ఉన్నాయి. ఆరోగ్యానికి హాని చేసే ప్రమాదకరమైన పని చేయించకూడదని కూడా ఉంది. గ్లౌజులు, తెరిచిన కిటికీ అడగడం తలబిరుసు కాదు.

చివరగా, పొరపాటున గ్యాస్ లేస్తే ఏం చేయాలి?

ఊపిరి బిగబట్టి వెంటనే బయటికి రండి. బకెట్ పారబోద్దామని, నీళ్లు పోద్దామని మళ్లీ లోపలికి పోవద్దు. ఆ గదివైపు పిల్లల్ని రానివ్వొద్దు. తాజా గాలిలో కూర్చోండి. కళ్లలో, ఒంటి మీద పడితే కుళాయి కింద కనీసం 15 నిమిషాలు కడగండి, తడిసిన బట్టలు తీసేయండి. మింగితే వాంతి చేయించొద్దు. దగ్గు ఆగకపోయినా, ఊపిరి అందకపోయినా 112కు ఫోన్ చేయండి, లేదా జహ్రా హాస్పిటల్ ఎమర్జెన్సీకి పోండి. సివిల్ ఐడీ, ఆ సీసాల ఫోటో తీసుకుపోండి, ఏం పీల్చారో డాక్టరుకు తెలియాలి. కొన్ని గంటల తర్వాత ఆయాసం పెరగడం కూడా జరుగుతుంది. అప్పుడు బావుంది కదా అని రాత్రి ఒక్కరే గది తలుపేసుకుని పడుకోవద్దు, ఇంట్లో ఎవరికైనా చెప్పి ఉంచండి.

ఈ వారం ఒక్క పని చేయండి. మీరు పనిచేసే ఇంట్లో హమ్మాం అలమర తెరిచి, క్లోరాక్స్ ఒక మూల, యాసిడ్ సీసా ఇంకో మూల పెట్టండి. క్లోరాక్స్ సీసా మీద తెలుగులో "ఒంటరిది, దేంతోనూ కలపొద్దు" అని టేపు అంటించండి. కొత్తగా ఊరినుంచి వచ్చిన చెల్లెలు ఎవరైనా మీ ఇంట్లో గాని, పక్కింట్లో గాని చేరితే, అరబిక్ మాటలకంటే ముందు ఈ మాట నేర్పండి.