గిలక పాము



అమ్మమ్మగారి ఊరు వెళ్ళినప్పుడు మీరు త్రాచు పేరు, రక్తపింజర పేరు వినే ఉంటారు. ఈరోజు నేను చెప్పబోయే పాము అక్కడ కనబడదు. అమెరికా ఖండాల్లో తప్ప అది మరెక్కడా లేదు. ఇంగ్లీషులో దాన్ని రాటిల్ స్నేక్ అంటారు. దాని తోక చివర చంటిపిల్లల గిలక్కాయ వంటిది ఉంటుంది. అందుకని మనం గిలక పాము అందాం.

వీటిలో 30కి పైగా జాతులున్నాయి. అన్నింటిలోకీ పెద్దది తూర్పు డైమండ్‌బ్యాక్. వీపు మీద పసుపు అంచు గల వజ్రాకారపు మచ్చలుంటాయి. సాధారణంగా 4, 5 అడుగులుంటుంది. 8 అడుగుల దాకా పెరిగినవీ ఉన్నాయి. పొడవులో మన రాచనాగుకు ఇది సాటి రాదు గాని, లావు మాత్రం తక్కువది కాదు. దీని తరువాత పెద్దది పడమటి డైమండ్‌బ్యాక్. అది టెక్సాస్, అరిజోనా, ఉత్తర మెక్సికో వంటి మెట్ట ప్రాంతాల్లో ఉంటుంది.

తూర్పు డైమండ్‌బ్యాక్ ఇల్లు వేరు. ఉత్తర కరోలినా నుంచి ఫ్లారిడా వరకు, అక్కడినుంచి మిసిసిపీ వరకు ఉన్న తీరమైదానం దాని నివాసం. పొడుగాకుల పైన్ అడవులంటే దానికి ఇష్టం. ఒకప్పుడు ఆ అడవులు సుమారు 9 కోట్ల ఎకరాలుండేవి. కలపకోసం, పొలాలకోసం నరికివేయగా పదో వంతు కూడా మిగలలేదు.

ఆ ఇసుక నేలలో గోఫర్ తాబేలు పొడవైన బొరియ తవ్వుకుంటుంది. చలికీ, అడవి మంటలకూ భయపడి మన పాము ఆ బొరియలోనే దూరుతుంది. కప్పలు, ఎలుకలు, ఇతర పాములు కూడా అక్కడే తలదాచుకుంటాయి. తాబేలు ఎవరినీ అద్దె అడగదు! పాముల వేట పండుగలకోసం కొందరు ఈ బొరియల్లో పెట్రోలు పోసి పాములను బయటికి రప్పించేవారు. దానివల్ల లోపలున్న ప్రాణులన్నీ బాధపడేవి. జార్జియాలోని క్లాక్స్‌టన్ ఊరివారు 2012లో వేట మానేసి, ఆ పండుగను వన్యప్రాణుల ఉత్సవంగా మార్చుకున్నారు.

ఇక గిలక సంగతి. అది మన గోళ్ళవంటి పదార్థంతో తయారవుతుంది. పాము కుబుసం విడిచినప్పుడల్లా ఒక ముక్క చేరుతుంది. ఏడాదికి ఒకటని లెక్కకట్టి వయసు చెప్పేవారున్నారు. అది సరికాదు. కుబుసం ఏడాదికి రెండు మూడుసార్లయినా విడవవచ్చు, పాత ముక్కలు విరిగిపోవచ్చు.

ఆ చప్పుడు "దగ్గరికి రావద్దు" అని చెప్పడమే. వినబడగానే కదలకుండా నిలబడి, పాము ఎక్కడున్నదో చూసుకుని, మెల్లగా వెనక్కు తగ్గండి. ఒక్కొక్కప్పుడు చప్పుడు చేయకుండానే కాటు వేస్తుంది. కనుక కనబడని చోట చేయి, కాలు పెట్టకండి. కాటు పడితే తాడు కట్టడం, కోయడం, నోటితో పీల్చడం వంటివి చేయనివ్వకండి. అమెరికాలో అయితే 911కు ఫోను చేయించండి. విషానికి విరుగుడు మందు ఆసుపత్రిలో ఉంటుంది.