శస్త్రవైద్యుని చేయి

మా బంధువులలో నొక రైతు ఉండెడివాడు. గోదావరి లంకలో ఆయన సేద్యము. గజ్జలో నిమ్మకాయంత ఉబ్బు చిరకాలముగా నుండెను. పడుకొన్నచో లోనికి పోవును. బరువెత్తినచో వెలికి వచ్చును. ఒకనాటి సాయంకాలము అది లోనికి పోలేదు. ఇంటివారు ఉప్పుమూటతో కాపడము పెట్టిరి, ఆముదము త్రాగించిరి, తెల్లవారిన పిమ్మట చూతమనిరి. మరునాటి మధ్యాహ్నమునకు కడుపుబ్బి, వాంతులు మొదలైన తరువాత రేవు దాటించి ఆసుపత్రికి చేర్చిరి. శస్త్రవైద్యుడు ప్రాణము నిలిపెను గాని, జానెడు ప్రేగు నల్లబడి చచ్చియుండుటచే దానిని కోసి తీసివేయవలసి వచ్చెను. “నిన్ననే తెచ్చియున్నచో ఈ జానెడు దక్కియుండెడిది” అని మాత్ర మాయన పలికెను. ఆ మాటను మేము నేటికిని మరువలేదు.

ఇట్టి సమయమున గడియలలో నిర్ణయము చేయవలసిన మనిషి ఎట్లు తయారగును? ఎం.బి.బి.ఎస్. చదువు నాలుగున్నర సంవత్సరములు. ఆపై ఒక సంవత్సరము ఆసుపత్రిలో హౌస్ సర్జనుగా పని. పిదప ప్రవేశపరీక్ష నెగ్గి, జనరల్ సర్జరీలో ఎం.ఎస్. పట్టమునకు మూడు సంవత్సరములు. అనగా ఏ ఆటంకమును లేకున్నను ఎనిమిదిన్నర సంవత్సరములు. గుండె, మెదడు, మూత్రకోశము, పసిపిల్లల శస్త్రచికిత్స వంటి ప్రత్యేకశాఖ కావలెనన్నచో ఎం.సిహెచ్. కొరకు మరి మూడు.

ఏండ్ల లెక్క సులభము. చేతికి పట్టుపడు విద్య కష్టము. క్రొత్తగా చేరినవాడు మొదట గాయపు అంచులను కొక్కెములతో పట్టుకొని గంటలకొలది నిలువబడును. తరువాత ముడి వేయుట, చర్మము కుట్టుట, చీముగడ్డ కోయుట. ఆ తరువాతనే గిలక, అపెండిక్సు. ప్రేగును ప్రేగుతో అతుకుట మరియు తరువాతి పాఠము. ప్రతి మెట్టునందును ప్రక్కన గురువు నిలువవలెను. ఇది క్రొత్త పద్ధతి కాదు. గుమ్మడి, సొర, దోస వంటి కాయలపై కోత నేర్పిన పిమ్మటనే శిష్యుని రోగి కడకు పంపవలెనని సుశ్రుతుడు ఏనాడో విధించెను.

1846లో బోస్టను నగరమున ఈథరుతో మత్తు నిచ్చి శస్త్రచికిత్స చేసి చూపుటకు ముందు, వైద్యుని గొప్పతన మంతయు వేగముననే యుండెను. మత్తు వచ్చిన తరువాత నిదానమునకు తావు కలిగెను. 1867లో లిస్టరు కార్బాలిక్ ఆమ్లముతో గాయములు చీముపట్టకుండ కాపాడు విధమును ప్రకటించెను. 1985లో జర్మనీలో ఎరిక్ మ్యూహె చిన్నరంధ్రముల ద్వారా పిత్తాశయమును తీసెను. నేడా పద్ధతి మన పట్టణములకును వచ్చినది.

మన ప్రాంతపు విద్యార్థులు ఒకప్పుడు ఈ విద్యకై మద్రాసు పోవలసియుండెడిది. 1923లో విశాఖపట్టణమున వైద్యకళాశాల వెలసెను. 1958లో కాకినాడలో రంగరాయ వైద్యకళాశాల ఏర్పడెను. 2023లో రాజమహేంద్రవరమునను, ఏలూరునను ప్రభుత్వ వైద్యకళాశాలలు ప్రారంభమైనవి.

జనరల్ సర్జను చేతికి వచ్చు పని ఎట్టిది? కొబ్బరిచెట్టుపైనుండి పడినవాడు, కాలువగట్టు రోడ్డుపై మోటారు సైకిలు బోల్తాపడినవాడు, అపెండిక్సు చిట్లినవాడు, పిత్తాశయమున రాళ్లున్న యిల్లాలు, రొమ్ములో గడ్డ తగిలిన తల్లి, కంఠమున థైరాయిడు వాపు, మధుమేహముచే కుళ్లిన పాదము. వీటన్నిటితో పాటు మన డెల్టాకు చిరపరిచితమైన వరిబీజము.

ఈ వరిబీజమునకును, బోదకాలునకును ఒక కారణము ఫైలేరియా క్రిమి. మురుగునీట పెరుగు క్యూలెక్సు దోమ దానిని మోసికొని వచ్చును. ఇచ్చట భీమవరమున 1895లో జన్మించిన యల్లాప్రగడ సుబ్బారావుగారిని స్మరింపవలెను. మద్రాసు వైద్యకళాశాలలో చదువుచు, గాంధీజీ పిలుపు విని ఆయన ఖద్దరుతో కుట్టిన దుస్తులు ధరించి శస్త్రచికిత్సకు హాజరైరి. అది సర్జరీ ఆచార్యుడగు బ్రాడ్‌ఫీల్డుకు రుచింపలేదు. వ్రాతపరీక్షలలో చక్కగా నెగ్గినను సుబ్బారావుగారికి ఎం.బి.బి.ఎస్. కాక, అంతకు తక్కువదైన ఎల్.ఎం.ఎస్. మాత్రమే దక్కెను. పిదప ఆయన అమెరికాకు పోయి లెడర్లీ సంస్థలో పరిశోధనలను నడపిరి. 1947లో ఆయన నాయకత్వమున హెట్రజాన్ వెలువడెను. అది ఫైలేరియాకు మందు. మరుసటి సంవత్సరమే ఆయన స్వదేశమును మరల చూడకయే కన్నుమూసిరి. 2004 నుండి ఫైలేరియా గల జిల్లాలలో ప్రభుత్వము ఏటేట ఇంటింట పంచుచు వచ్చిన మాత్రలలో ముఖ్యమైన దిదియే. కత్తి పరీక్షలో తక్కువ చేయబడిన చేయి, ఎందరికో కత్తి అవసరమే లేకుండ చేసినది! అయినను ఒకమారు నిలిచిన వరిబీజమును ఏ మాత్రయు తీయజాలదు. దానికి శస్త్రవైద్యుడే దిక్కు.

కోయుట ఎట్లో నేర్చుకొనుటకు కొన్ని సంవత్సరములు చాలును. ఎప్పుడు కోయరాదో తెలియుటకు జీవితమంతయు పట్టునని పెద్ద వైద్యులు చెప్పుట మేము వినియుంటిమి. అయితే ఆ వివేకము పనిచేయుటకు రోగి సకాలమున చేరవలెను. గజ్జలోని ఉబ్బు లోనికి పోక గట్టిపడి నొప్పి పెట్టినను, కడుపు బల్లవలె బిగిసి వాంతులైనను, ఆముదము పోయవలదు; అన్నపానీయము లీయవలదు; తెల్లవారుదాక ఆగవలదు. వైద్యుడు ఎనిమిదిన్నర ఏండ్లు నేర్చిన విద్య మన ఇంటివారి ఒక్క రాత్రి జాప్యముతో వ్యర్థము కారాదు.