మితపానము - ఆయుర్దాయపు లెక్క



“త్రాగినన్నాళ్ళు బాగుండెను, మానినాడు, పోయినాడు” అని పరామర్శకు వచ్చినవారు పలుకుట పల్లెలలో వినవచ్చును. ఆ మాట విని, మానదలచిన మరియొకడు వెనుదీయును. విచిత్రమేమనగా, గొప్ప పండితుల లెక్కలలో సైతము ఈ పొరపాటే దూరినది.

అమెరికాలోని బాల్టిమోరు నగరమున రేమండ్ పెర్ల్ 1926లో ప్రకటించిన గ్రంథమున, మితముగా త్రాగువారు త్రాగనివారికంటె తక్కువకాలము జీవింపలేదని చూపెను. 1981లో మైకేల్ మార్మట్ మున్నగువారు లండను ప్రభుత్వోద్యోగులు 1,422 మందిని గూర్చిన పదేండ్ల లెక్కను ప్రకటించిరి. అడ్డముగా త్రాగుడు పరిమాణమును, నిలువుగా మరణములను గుర్తించి రేఖ గీయగా, అది మొదట దిగి, పిమ్మట లేచినది. త్రాగనివారిలోను, మిక్కిలి త్రాగువారిలోను మరణములు హెచ్చు; నడిమివారిలో తక్కువ. “కొంచెము త్రాగుట మేలు” అను మాటకు ఇట్లు బలము చేకూరెను.

అయితే కూడిక సరిపడినంతమాత్రమున లెక్క సరియగునా? ఏ పద్దు ఏ ఖాతాలో చేరినదో చూడవలదా? 1988లో షేపర్ బృందము, బ్రిటను పట్టణములలోని 7,735 మంది పురుషులను పరిశీలించి, ఈ ప్రశ్ననే లేవనెత్తెను. త్రాగనివారి ఖాతాలో ఎన్నడును ముట్టనివారే కాక, జబ్బుచేసి మానుకొన్నవారును చేరియుండిరి. వారి మరణములు ఆ ఖాతాలో పడగా, మితముగా త్రాగువాడు ఆరోగ్యవంతుడుగా కనబడెను.

ఈ దోషము తొలగించుటకై 2018లో వెలువడిన ఒక పరిశోధన, 19 సంపన్న దేశములకు చెందిన 5,99,912 మంది త్రాగువారిని మాత్రమే తమలో తమకు పోల్చి చూచినది. వారమునకు సుమారు 100 గ్రాముల శుద్ధ ఆల్కహాలు దాటినకొలది మరణభయము హెచ్చినది. 180 మిల్లీలీటర్ల క్వార్టరు బ్రాందీలో సుమారు 60 గ్రాములుండును. అనగా వారమునకు రెండు క్వార్టర్లు పూర్తికాకమునుపే ఆ హద్దు దాటును. హద్దునకు దిగువ అభయమున్నదని తలపరాదు. ఆరోగ్యమునకు హానిచేయని మద్య పరిమాణమేదియు లేదని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2023లో ప్రకటించినది.

కావున “మానినాడు, పోయినాడు” అను మాట వినబడినపుడు, అతడేల మానెనో అడుగవలెను. చాలమారులు రోగము ముందు వచ్చినది, మానుట వెనుక వచ్చినది. చిరకాలముగా మిక్కిలి త్రాగువారు వైద్యుని సలహాతో మానుట క్షేమము. రోగము రాకమునుపే మానుట అంతకంటె క్షేమము. ఆ మరణమును త్రాగుడు ఖాతాలోనే వ్రాసిననాడు, మానదలచినవానికి ధైర్యము కలుగును.