మెదడుకు రక్తం – నాళాల సాగుదల
(ఆరోగ్య అవగాహన సభలో చేసిన ప్రసంగ పాఠం)



నేను డాక్టరును కాను. బడిలో సైన్సు చెప్పుకునే మాస్టారిని. ఈ పాఠం ఎన్నో ఏళ్లు పిల్లలకు చెప్పాను కానీ, మా ఇంట్లో జరిగేదాకా నాకే సరిగా అర్థం కాలేదు. అందుకే ఈ రోజు మీ ముందు నిలబడ్డాను.

ముందు రెండు వేళ్లు మణికట్టు మీద, బొటనవేలి వైపు ఆనించండి. నాడి తగులుతోంది కదా? గుండె నిమిషానికి సుమారు 70 సార్లు కొట్టుకుంటుంది. ఒక్కో దెబ్బకు సుమారు 70 మిల్లీలీటర్ల రక్తం నెడుతుంది. నెట్టి ఆగుతుంది, మళ్లీ నెడుతుంది. మెదడు శరీరం బరువులో 2 శాతమే అయినా, ఒళ్లంతా వాడుకునే ఆక్సిజన్‌లో దాదాపు 20 శాతం దానికే కావాలి. దానికి రక్తం తెంపు లేకుండా అందాలి. గుండె ఆగి ఆగి నెడుతుంటే అదెలా సాధ్యం?

ఖవ్వాలీలో హార్మోనియం వాయించేవారిని గమనించారా? ఎడమ చెయ్యి తిత్తిని ఆగి ఆగి ఊపుతుంది, స్వరం మాత్రం తెగదు. ఎందుకంటే పెట్టె లోపల ఇంకో తిత్తి ఉంటుంది. బయటి తిత్తి నెట్టిన గాలిని అది పొంగి దాచుకుంటుంది. చెయ్యి వెనక్కి వచ్చేలోగా స్ప్రింగులు దాన్ని నొక్కి ఆ గాలిని వదులుతాయి. గుండె నుంచి బయలుదేరే బృహద్ధమని సరిగ్గా ఇదే పని చేస్తుంది. రక్తం వచ్చినప్పుడు సాగుతుంది, గుండె ఆగినప్పుడు ముడుచుకుని ఆ రక్తాన్ని ముందుకు నెడుతుంది. ఇంగ్లండులో స్టీఫెన్ హేల్స్ 1733లో అచ్చయిన తన పుస్తకంలో ధమనిని మంటలార్పే పంపులోని గాలి గదితో పోల్చాడు. గుర్రం ధమనిలో గొట్టం పెట్టి రక్తపోటును కొలిచినవాడూ ఆయనే.

నాళాల ఆకారం కూడా మెదడును కాపాడుతుంది. మెదడుకు నాలుగు దారులున్నాయి: మెడ ముందు భాగంలో రెండు, వెనక వెన్నుపూసల గుండా రెండు. ముందు దారులు పుర్రెలోకి వెళ్లాక పాములా మెలికలు తిరుగుతాయి, అక్కడ నాడి కుదుపు కొంత తగ్గుతుంది. మెదడు అడుగున ఈ దారులన్నీ ఒక వలయంగా కలుస్తాయి. 1664లో దాన్ని వివరించిన థామస్ విల్లిస్ పేరుతోనే దాన్ని పిలుస్తారు. ఒక దారి మూసుకుపోతే మరో దారి ఆదుకోవడానికి ఆ ఏర్పాటు. అయితే చాలామందిలో ఆ వలయం పూర్తిగా ఉండదు. ఇంకో చిక్కు ఏమిటంటే, మెడలో నాళం రెండుగా చీలే చోట రక్తం సుడి తిరుగుతుంది. కాలువ చీలే చోట ఒండ్రు పేరుకున్నట్టు కొవ్వు అక్కడ ఎక్కువగా చేరుతుంది.

ఇక మా ఇంటి సంగతి. మా నాన్నగారి బీపీ 170/70 ఉండేది. “కింది అంకె బాగుందిగా, పైది వయసు వల్లే” అనుకున్నాం. సైన్సు మాస్టారిని, నేనూ అదే అన్నాను. కానీ 120/80లో తేడా 40. ఆయనది 100. ధమని గోడలో సాగే పోగులు చాలావరకు చిన్నతనంలోనే తయారవుతాయి. వయసు, ఎక్కువ బీపీ, షుగరు, బీడీ సిగరెట్లు వాటిని అరగదీస్తాయి. గోడ గట్టిపడుతుంది. సాగదు కాబట్టి పై అంకె పెరుగుతుంది. రక్తాన్ని దాచుకోదు కాబట్టి కింది అంకె తగ్గుతుంది. మేం సంతోషించిన ఆ కింది అంకే మాకు హెచ్చరిక. లోపలి తిత్తి బిగుసుకుపోయిన హార్మోనియం లాంటిదే అది. ప్రతి దెబ్బా మెదడులోని సన్నని నాళాల దాకా పోయి తగులుతుంది.

ఒక రోజు తెల్లవారుజామున నాన్నగారి మూతి ఒక పక్కకు వంగింది, మాట తడబడింది. “కాసేపు పడుకుంటే సర్దుకుంటుంది” అన్నాను. మధ్యాహ్నం దాటాక ఆసుపత్రికి తీసుకెళ్లాం. నాళంలో గడ్డ కరిగించే ఇంజెక్షన్ లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇస్తారట. ఆ సమయం నా మాట వల్లే పోయింది. నాన్నగారు బతికారు, కానీ కుడి చెయ్యి తిరిగి రాలేదు. నా పేరు పలకడానికి ఆయనకు ఏడాది పట్టింది.

కాబట్టి ఇంటికి వెళ్లాక మూడు పనులు చేయండి. ఇంట్లో పెద్దల బీపీ చూపించి రెండు అంకెలూ రాసి పెట్టండి. తేడా 60 దాటితే డాక్టరును అడగండి. మందులు మీ అంతట మీరు మానవద్దు. ఉప్పు రోజుకు 5 గ్రాములు, అంటే ఒక చెంచా లోపు ఉంచండి, పచ్చడిలో ఉప్పు కూడా లెక్కే. రోజూ అరగంట నడవండి. ఇక మూతి వంగినా, చెయ్యి వాలిపోయినా, మాట తడబడినా గడియారం చూసి వెంటనే 108కి ఫోన్ చేయండి. “కాసేపు చూద్దాం” అనే మాట మాత్రం అనకండి. ఆ మాట అన్నవాడిని నేను.

సెలవు.