పొలము గట్టు – పొరుగువారి స్నేహము

(శతవార్షికోత్సవ సందర్భమున గ్రామ సంఘముల పెద్దల కూడికలో చేసిన ప్రసంగ పాఠము)



నూరేండ్ల పండుగలో పొలము గట్టు మాట ఎందుకని మీలో కొందరు అనుకొనవచ్చును. గ్రామ సంఘములలో పరిచర్య చేయు గురువులమైన మాకు ఇది చిన్న మాటగా తోచుట లేదు. ఒకే గుడిలో ప్రక్కప్రక్కన మోకరించిన రెండు కుటుంబములు, ఒక గట్టు మీద మాట పట్టింపు వచ్చినది మొదలు, ఒకరు ప్రభువు బల్లకు వచ్చిన ఆదివారము రెండవవారు రాకుండ ఉండుట మేము చూచుచున్నాము. తగవు అన్యమతస్థులైన పొరుగువారితో వచ్చినప్పుడు అది రెండు పేటల మధ్య గోడగా లేచుచున్నది. కాబట్టి మన భూమిని మనము కాపాడుకొనుచు, పొరుగువారి స్నేహమును ఎట్లు నిలుపుకొనవలెనో ఆలోచింతము.

పూర్వము ఈ తగవులు కొంత తక్కువగా ఉండుటకు కారణములున్నవి. వరి కోతలైన తరువాత పొలములన్నియు బీడుగా ఉండెడివి. ఊరి పశువులు ఎక్కడనైనను మేసెడివి. ఏ పుంత ఎవరిది, ఏ డొంక ఎంత వెడల్పు అనునది కరణముగారికి తెలిసియుండెడిది. 1984లో ఆ కరణీకములు రద్దయినవి. ఇప్పుడు డెల్టాలో వరి కోయకమునుపే చేనిలో మినుములు చల్లుచున్నాము. కోత ముగియునప్పటికి నేల మీద లేత మొలకలుండును గనుక పశువులను రానిచ్చుటకు వీలు లేదు. తలమీద మోపుతో మనిషి నడిచిన గట్టు మీదుగా నేడు ట్రాక్టరు, కోత మిషను పోవలెనని అడుగుచున్నారు. అడుగువారికి అవసరము నిజమే. ఇచ్చువారికి నష్టమును నిజమే.

ఇట్టి సమయమున మనవారు రెండు పనులు చేయుచున్నారు. రెండును మంచివి కావు. కొందరు మొగమాటముచేత ఏమియు అనక ఊరకుందురు. ఏండ్ల తరబడి లోపల రగులుచు, ఒకనాడు రాత్రికి రాత్రి దారికి అడ్డముగా ముళ్లకంప వేయుదురు. మరికొందరు అడవి పందుల కొరకని చేనిచుట్టు కరెంటు తీగ కట్టుదురు. ఆ తీగ తగిలి పొరుగు రైతులు, కూలీలు, కొన్నిచోట్ల కట్టినవారే చనిపోయిన సంగతులు మన రెండు తెలుగు రాష్ట్రములలోను జరిగినవి. పంట పోయిన మరుసటి ఏడు పండించుకొనవచ్చును; పోయిన ప్రాణము తిరిగి రాదు. ఏ సంఘస్థుడును ఆ పని చేయకూడదని ఈ వేదికనుండి గట్టిగా చెప్పుచున్నాము.

మౌనముగా ఉండుట మంచితనమని మనము అనుకొనుచున్నాము. చట్టము అట్లు అనుకొనుట లేదు. మన కోస్తా, రాయలసీమ జిల్లాలు మద్రాసు రాజధానిలో ఉన్న కాలముననే, 1882లో, ఈజుమెంట్ల చట్టము వచ్చినది. ఒకరు మన పొలములోనుండి 20 సంవత్సరములు అందరికి తెలియునట్లు, అడ్డు లేకుండ, తమ హక్కుగా నడిచినయెడల, ఆ దారి నిజముగానే వారి హక్కు కాగలదని ఆ చట్టము చెప్పుచున్నది. అయితే మన అనుమతితో నడిచినవారికి ఎన్ని ఏండ్లు గడిచినను అట్టి హక్కు పుట్టదు. చూడండి, ఎంత చక్కని సంగతి! “నడువుము తమ్ముడా, నేను సమ్మతించియే నడువనిచ్చుచున్నాను” అని నోరార చెప్పినవాని భూమి భద్రముగా ఉండును. మూతి ముడుచుకొని ఊరకున్నవాని భూమికే చిక్కు. స్నేహపు మాటయే ఇక్కడ కంచె పని చేయుచున్నది.

ద్వితీయోపదేశకాండము 23వ అధ్యాయమున ఇశ్రాయేలీయులకు ఇయ్యబడిన ఒక నియమమును మీరెరుగుదురు. పొరుగువాని ద్రాక్షతోటలో ఆకలి తీర తినవచ్చును గాని పాత్రలో వేసికొని పోరాదు; చేనిలో వెన్నులు చేతితో త్రుంచవచ్చును గాని కొడవలి వేయరాదు. తోట యజమానికి తలుపు మూయుమని చెప్పలేదు, వచ్చినవానికి తోట నీదే అనియు చెప్పలేదు. రానిచ్చుటయు, హద్దు చెప్పుటయు రెండును ఒక్క మాటలోనే ఉన్నవి. మన పల్లెలలో కోతలైన చేలో పేదలను పరిగె ఏరుకొననిచ్చుటయు ఇట్టి మర్యాదయే. పరిగెకు వచ్చినవారు పనలమీద చేయి వేయరు.

ఇక చేయవలసిన పనులు కొన్ని చెప్పెదము.

మొదట, హద్దు తెలిసికొనవలెను. మండల సర్వేయరుకు దరఖాస్తు పెట్టి కొలిపించునప్పుడు పొరుగువానికి ముందుగా చెప్పి, పిలిచి, అతని యెదుటనే గొలుసు వేయించుడి. చాటున కొలిపించిన కొలత సరియైనదైనను అనుమానమునే పుట్టించును. మరియు పుంతలు, డొంకలు ప్రభుత్వపు దారులు. మన చేనిని ఆనుకొనియున్నంత మాత్రమున వాటిని మూయుటకు మనకు హక్కు లేదు.

రెండవది, ఏది ఇచ్చితిమో తేటగా చెప్పవలెను. కాలినడక దారి ఇచ్చుట వేరు, బండి దారి ఇచ్చుట వేరు. ఒకటి ఉన్నంత మాత్రమున రెండవది రాదని చట్టము కూడ చెప్పుచున్నది. “నడకకు ఎప్పుడైనను రండి, ట్రాక్టరు మాత్రము మినుములు తీసిన తరువాత” అని చెప్పినచో కోపగించువారు అరుదు. ఆ మాటను ఒక కాగితము మీద సర్వే నంబరుతో వ్రాసి, ఇది అనుమతియే అని తెలిపి, ఇరువురు సంతకములు చేసి, ఇద్దరు పెద్దలచేత సాక్షి సంతకములు పెట్టించుడి. అనుమతి పొందినవాడు దానిని నమ్మి తన ఖర్చుతో శాశ్వతమైన తూము వంటిది కట్టుకొన్నయెడల, ఆ అనుమతిని వెనుకకు తీసికొనుట కుదరదు. గనుక కట్టకమునుపే మాటలాడుకొనవలెను.

మూడవది, కంచె వేయవలసివచ్చినప్పుడు గేటు పెట్టి, నడుచువారికి ఒక తాళపుచెవి ఇయ్యుడి. తాళము పశువులకును దొంగలకును గాని పొరుగువానికి కాదని అప్పుడతనికి తెలియును. దారి మార్చవలసినయెడల క్రొత్తదారి చూపిన తరువాతనే పాతదానిని మూయుడి.

నడుచువారికిని ఒక మాట. ఇచ్చిన దారి విడిచి అడ్డముగా పోకుడి. గట్టు తెగినయెడల మీరే మట్టి వేయుడి. గేటు తీసినవారే మూయవలెను. సంవత్సరమునకు ఒకసారి “మీ పొలములోనుండి నడుచుచున్నాము” అని కృతజ్ఞత చెప్పినచో మీ మర్యాద ఏమియు తగ్గదు.

అన్నదమ్ములు భూమి పంచుకొనునప్పుడు లోపలి ముక్కకు దారి విడువక పంచుట మనలో ఒక పెద్ద లోపము. అట్టి ముక్కకు వేరే దారి లేనప్పుడు పై భాగములోనుండి అవసరపు దారి పొందుటకు చట్టము హక్కు ఇచ్చుచున్నది. అది ఏ ప్రక్కన ఉండవలెనో చూపువాడు పై భాగస్థుడే, అయితే లోపలివానికి అనుకూలముగా ఉండవలెను. కోర్టు వరకు పోనేల? పంపకముల కాగితములోనే దారి వ్రాయించుడి. అది పిల్లలకు మీరు విడిచిపెట్టు మంచి ఆస్తి.

సంఘపు స్థలముల విషయములోను ఇదే పద్ధతి. గుడి ఆవరణలోనుండి ఊరివారు బావికి, బడికి నడుచుచుండవచ్చును. సమాధుల తోటకు పోవు మన దారి మరియొకరి చేనిగుండ ఉండవచ్చును. ఒకచోట మనము ఇచ్చువారము, మరియొకచోట అడుగువారము. అడుగునప్పుడు ఎట్టి మాట కోరుదుమో, ఇచ్చునప్పుడు అట్టి మాటయే పలుకుదము.

కాబట్టి ప్రియులారా, ఈ శతవత్సర జ్ఞాపకముగా ప్రతి గ్రామ సంఘమునకు ఒక చిన్న పని అప్పగించుచున్నాము. రాబోవు ఏరువాకకు ముందు ఒక సాయంకాలము మీ చేని పొరుగువానిని, అతడు ఏ మతస్థుడైనను, పిలిచి కూర్చుండబెట్టి, మంచినీళ్లిచ్చి, దారి సంగతి మాటలాడుడి. మాట్లాడకుండ విడిచిన గట్టు మన సంతతివారికి తగవుగా మిగులును. స్నేహముండగానే చెప్పుకొన్న హద్దు ఉభయుల పిల్లలకును నెమ్మది నిచ్చును. దేవుడు మన గ్రామములను సమాధానముతో నింపును గాక.